ఫోన్‌లో తప్పేమీ లేదు

ఏవండీ, నిన్న చూడమని ఇచ్చిన మీ ఫోన్ బల్ల మీద ఛార్జింగ్‌కి పెట్టాను. మీరు లేచేసరికి నేను రిపేరు షాపుకి వెళ్ళిపోయి ఉంటాను. కొత్తది కొనక్కర్లేదు. స్క్రీన్ వెలుతురు తగ్గించాను, వాడని యాప్‌లు ఇరవై దాకా తీసేశాను, మిగతావి వెనకాల నడవకుండా ఆపాను. ఇక సాయంత్రం దాకా ఛార్జింగ్ నిలుస్తుంది. అక్షరాలు కూడా పెద్దవి చేశాను, కళ్ళు చికిలించక్కర్లేదు.

రోజంతా ఊళ్ళోవాళ్ళ ఫోన్లు బాగుచేసేదాన్ని, నాకు తెలియదనుకున్నారా? సెట్టింగుల్లో నా ఒక్క నంబరుకే మోత రాకుండా పెట్టి ఉంది. మీ అమ్మగారు చేస్తే మోగుతుంది, ఆఫీసువాళ్ళు చేస్తే మోగుతుంది, ఆఖరికి ఇళ్ళస్థలాలు అమ్మేవాళ్ళు చేసినా మోగుతుంది. మొన్న పాప బడి మెట్ల మీద పడి చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రి వరండాలోంచి పదకొండు సార్లు చేశాను. "దిక్కుమాలిన ఫోన్, మోగి చావలేదు" అన్నారు. నమ్మాను. పైగా మీ మొహం చూసి జాలిపడ్డాను కూడా.

ఆ ఒక్క సెట్టింగూ నేను ముట్టుకోలేదు. పెట్టిన చేత్తో మీరే తియ్యండి. తియ్యకపోయినా అడగను.

పాపకి స్నానం చేయించేటప్పుడు కట్టు తడవనివ్వకండి. "నాన్న ఎందుకు రాలేదమ్మా" అని అడిగితే, ఫోన్ పాడైందని చెప్పాను. ఇప్పుడది బాగైంది. మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో మీరే చూసుకోండి.