చుక్క చేసిన గొడవ

చిరంజీవి మేనల్లుడికి దీవెనలు.
కుట్టుమిషన్ల చప్పుడులో ఫోను వినపడదు కాబట్టి ఉత్తరం. మన కొట్లో కుట్టించుకునేవాళ్ల కొలతలన్నీ నువ్వు పెట్టిన లినక్స్ కంప్యూటర్లోకి ఎక్కించాను. నువ్వు రాసిచ్చిన 'టార్' అనే ఆదేశంతో రోజూ సాయంత్రం ఆ ఫైళ్లన్నిటినీ ఒకే మూటగా కట్టి దాస్తున్నాను. కట్టినప్పుడల్లా కంప్యూటరు 'చదువుతుండగా ఫైలు మారింది' అంటోంది. ఎవరు మారుస్తున్నారు?
మీ మామయ్య
తా.క. కొలత ప్రకారమే కుట్టినా మీ నాన్న ప్యాంటు బిగుతయింది. ఆయనకూ అర్థం కాలేదట.

మామయ్యకు నమస్కారాలు.
చాలా చిన్న విషయం. మీరు నడుము కొలుస్తుండగా మనిషి ఊపిరి పీలిస్తే? ఇదీ అంతే. టార్ చదివేటప్పుడు ఎవరో అందులో రాస్తున్నారు. ఆ కాసేపు ఎవరినీ ముట్టుకోనివ్వకండి.
మీ అల్లుడు
తా.క. నాన్న కత్తిరింపు ఎలా సాగుతోంది?

అల్లుడికి,
ఆపించాను. అయినా అదే మాట అంటోంది. కంప్యూటరు ముట్టేది నేనూ, మీ నాన్నా, అంతే. నేను మార్చలేదు. ఇక మిగిలిందెవరు? 'బావా, నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండు' అన్నాను. కత్తెర బల్ల మీద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లిపోయాడు. బ్యాండువాళ్ల కోట్లు కత్తిరించాలి. నా చేతికి ఆ ఒడుపు లేదు. అక్క నాతో మాట్లాడటం మానేసింది.
నీ మామయ్య
తా.క. ఆయన వెళ్లినా హెచ్చరిక వస్తోంది. ఇంటి నుంచే చేస్తున్నాడంటావా?

మామయ్యా,
కొంప ముంచారు! హెచ్చరికలో ఏ ఫైలు పేరుంది? ఉన్నదున్నట్టు రాయండి.
కంగారుతో, అల్లుడు
తా.క. అమ్మ దగ్గర నా పేరెత్తకండి.

అల్లుడూ,
పేరేమీ లేదు. మొదట ఓ చుక్క ఉంది. సుద్దపొడి అనుకుని రోజూ తుడుస్తున్నాను. పోవట్లేదు.
మామయ్య

మామయ్యా,
ఆ చుక్కే దొంగ! చుక్కంటే మొత్తం ఫోల్డరు. ఏ గది సామాను మూట కడుతున్నామో ఆ గదిలోనే మూట పెట్టమని ఆదేశం రాశాను. మూట వచ్చి పడేసరికి గది మారింది, టార్ అరిచింది. తప్పు నాన్నది కాదు, నాది. మూట వేరే ఫోల్డర్లో పడేలా కొత్త ఆదేశం జతచేశాను. ముందు నాన్నను పిలవండి.
తలవంచుకున్న అల్లుడు

అల్లుడికి దీవెనలు.
మూట వేరే చోట కట్టాను. కిక్కురుమనలేదు. చెప్పులు చేత్తో పట్టుకెళ్లి మీ నాన్న ముందు పెట్టాను. అక్క నవ్వింది. ఆయన మళ్లీ కత్తెర పట్టాడు.
నీ మామయ్య
తా.క. ఆ బిగుతు ప్యాంటు సంగతి తేల్చుదామని నెల కిందటి మూట విప్పాను. అప్పటికీ ఇప్పటికీ ఫైల్లో మీ నాన్న నడుము నాలుగంగుళాలు తగ్గింది! అడిగితే, 'అసలు కొలత మీ అక్క చూస్తే వడ్డన తగ్గిస్తుందని మార్చాను. చదువుతుండగా మారిస్తేనేగా అది అరిచేది? నేను తీరిగ్గా మధ్యాహ్నం మార్చాను బావమరిదీ' అన్నాడు.