నాలుగు గంటల తొవ్వ

కరుణక్కా,

ఫోన్ల చెప్పనీకి నోరు రాక రాస్తున్న. మంగళారం నీ కొడుకు శివకృష్ణ దుబాయ్‌ల దిగినంక ఎయిర్‌పోర్టుల నాకోసం ఎదురుచూడొద్దని చెప్పు. నేను ఆడ లేను. ఏజెంటు ముంచిండు. మొకం చెల్లక ఇంటికి రాలే, మూడేండ్ల సంది సూరత్‌ల సాంచెలు, అదే కరెంటు మగ్గాలు, నడుపుతున్న.

"హైదరాబాద్ నుంచి ఎంతసేపు పడ్తది మామా?" అని వాడు అడిగితే, రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటలని దబదబ చెప్పిన. అది ఫోన్ల చూసి చెప్పిందే. విమానం నేను ఎన్నడూ ఎక్కలే. బాపు పోయినప్పుడు రైల్ల వచ్చిన. "నాలుగు గంటల తొవ్వకు రెండు రోజులా?" అని బావ అడిగితే విమానం లేటయిందని చెప్పిన.

నేను పంపిన దుబాయ్ చీర పెండ్లిండ్లకే కడ్తవట. అది ఈడ సూరత్‌ల, ఉధ్నల నా సాంచె మీద నేసిందే అక్కా. పారెయ్యకు.

నీ తమ్ముడు