మా అవ్వ మాట్లాడిన చెరుకు కార్యక్రమం మరొక్కసారి చూపించుట గురించి

కొత్తచెలక గ్రామం,
బాన్సువాడ తాలూకా, నిజామాబాద్ జిల్లా.
తేది: 5-7-1976

ఉపగ్రహ టెలివిజన్ కార్యక్రమాల అధికారి గారికి,
హైదరాబాదు.

విషయం: 22-1-1976 నాటి చెరుకు సాగు కార్యక్రమమును ఉపగ్రహం పోకముందే తిరిగి ప్రసారం చేయుటకు మనవి.

అయ్యా,

ఈ నెల 31వ తేదీ తరువాత ఉపగ్రహమును మన దేశం మీది నుండి జరిపివేయుదురని, ఊళ్లలోని టెలివిజన్ పెట్టెలు ఇక పలకవని ఎల్లంకుంట బడి పంతులు దేవిదాస్ సారు చెప్పినారు. ఆ ఊరి పెట్టె తాళం ఆయన వద్దనే ఉండును. మా అవ్వ, అనగా నన్ను కన్న తల్లి, ఆ పెట్టెలో ఒక్కసారి మాట్లాడినది. మేము వినలేదు. ఇక ఇరవై ఆరు రోజులే ఉన్నందున ఇప్పుడే వ్రాయవలసి వచ్చినది.

1. మా ఊరికి పెట్టె మంజూరు కాలేదు. కాలువ దాటితే మెదక్ జిల్లా, అక్కడి ఎల్లంకుంటకు ఇచ్చినారు. కావున తమను అడుగుటకు నాకు హక్కు లేదనిన లేదు. అయితే మా అవ్వ లింగవ్వ ఎల్లంకుంట చెరుకు తోటలకే కూలికి పోయేది. జనవరి మొదటి వారంలో తమ వారు వచ్చి, చెరుకు ముక్కలు నాటుచున్న ఆడవారిని ఫిల్ము తీసి, అవ్వను ఒక్కదానిని దూరముగా గట్టు మీదికి పిలిచి మాట్లాడించినారు.

2. అది వచ్చిన సాయంత్రం అవ్వతో సహా మేమందరము ఎల్లంకుంట బడి ముందర కూర్చున్నాము. పెట్టెలో, సాలులో వంగి ఉన్న అవ్వ లేచి, కొంగుకు చేతులు తుడుచుకొని, మా వైపు చూసి నోరు తెరిచినది. అప్పుడే మా బాపు ముత్తన్న, "ఇంట్ల నోరు సాలలేదని గీ డబ్బలకు గూడ వోయిందిరో గిది" అన్నాడు. జనమంతా నవ్వినారు. నేను కూడా నవ్వినాను. నవ్వు ఆగే సరికి పెట్టెలో అవ్వ లేదు, ఎవరో యూరియా సంచి చూపించుచున్నారు.

3. కాలువ గట్టు వెంట ఇంటికి వచ్చునప్పుడు నేను అడిగినాను.

"ఏమన్నవే అవ్వా?"

"ఇనాలనుంటే అప్పుడే ఇందురు. మల్ల ఏస్తరట, గప్పుడు ఇనుండ్రి."

బాపు "కోపమొచ్చిందా దొరసానికి" అన్నాడు. అవ్వ తరువాత కూడా చెప్పలేదు. మేము కూడా మళ్లీ అడగలేదు, అడగవచ్చులే అనుకున్నాము. మార్చి 9వ తేదీన పచ్చకామెర్లతో చనిపోయినది. ఆమెది ఒక్క ఫోటో కూడా మా ఇంట లేదు.

4. తోడు నాటిన వారిని విచారించినాను. నడుము నొప్పి సంగతి చెప్పి ఉంటుందని హన్మవ్వ అన్నది. "బిడ్డ సదువు ముచ్చటే, ఇంకేం జెప్తది" అని గంగవ్వ అన్నది. ఇద్దరూ దూరం నుండి చూసినవారే, విన్నవారు కారు. మా ఇంట బడికి పోయినది నేనొక్కదాన్నే. ఆ మాట నా గురించి అయినా కాకపోయినా నాకు వినవలెనని ఉన్నది.

5. బాపు ప్రతి సాయంత్రం కాలువ దాటి పోయి పెట్టె ముందర కూర్చుంటున్నాడు. "మల్ల ఏస్తరని మీ అవ్వ జెప్పింది గద" అంటాడు. ఉపగ్రహం ఒక్క తావునే నిలిచి ఉంటుందని సారు చెప్పినప్పటి నుండి, అవ్వ మాట అందులోనే ఉన్నదని అనుకుంటున్నాడు. అది దేనినీ దాచుకోదని, కింది నుండి పంపినది కిందికే పంపుతుందని నేను ఎంత చెప్పినా, "నువ్వు సూసొచ్చినవా?" అంటాడు.

కావున తమరు ఆ కార్యక్రమమును 31వ తేదీ లోపల ఒక్కసారి చూపించగలరు. అది వీలు కానిచో, తమ వద్ద ఉన్న టేపు విని, మా అవ్వ అన్న మాటలు అన్నవి అన్నట్లే ఒక కాగితం మీద వ్రాయించి పంపగలరు. టేపు చెరిపివేసి ఉన్నచో ఆ సంగతి ఆఫీసు మొహరు వేసి తెలుపగలరు. నా మాట నమ్మడు గాని మొహరు ఉన్న కాగితం బాపు నమ్ముతాడు. సాయంత్రాలు ఇంటి పట్టున ఉంటాడు.

ఈ మనవిని దయతో చిత్తగించి, జవాబు ఈ నెల 20వ తేదీలోగా అందునట్లు చేయవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
కుమారి తారాబాయి, తండ్రి ముత్తన్న,
బాలవాడి టీచరు.

మరొక మాట: ఇది చదివి వినిపించగా బాపు కింద వేలిముద్ర వేసినాడు. ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాయుచున్నాను: "గీసారి నోట్ల తువ్వాల వెట్టుకొని కూసుంట అని రాయి బిడ్డా, సారుకు."