నా బదులు అత్తమ్మ చెప్పిన జవాబు

కోరుట్ల, మే నెల, మంగళవారం

ఈ ఎండలు మొదలైనప్పటి నుంచి నాకు గుండె దడగా ఉంటోందని అత్తమ్మ ఈరోజు ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నాడి పట్టి చూశాడు. "ఒంట్ల వేడి మస్తున్నది బిడ్డా, గందుకే గాబరా. నెల గిట్ల తప్పిందా?" అని అడిగాడు. నేను తల దించుకున్నాను. నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"గట్లాంటిదేం లేదు సారూ. మావోడు దుబాయ్ వోయి నెల దాటింది."

ఆయన కలబంద రసం ఇచ్చాడు. రేపటి నుంచి పరగడుపున తాగాలట.

ఇంటికొచ్చాక అత్తమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుని మాడుకు ఆముదం అద్దింది. "ఎండకు గాదే, నీ మొగని మీద పానం గుంజి గుండె కొట్టుకుంటున్నది" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తల చల్లబడి, దడ కాసేపు నిజంగానే తగ్గింది. అప్పుడే చెప్పేస్తే అయిపోయేది.

ఏమని చెప్పను? బయట చేరాల్సిన రోజు దాటిపోయింది, అంతే. వేడికి కూడా ఒక్కోసారి అలా అవుతుందని మా అక్క అంటుంది. చెప్పాక ఏమీ లేదని తేలితే అత్తమ్మ మొహం ఎలా చూడను? ఒకవేళ ఉంటే ఆ రసం తాగొచ్చా? ఆయన ఊరికే అడిగి ఉండడు కదా. ఈ దడ ఎండదో, భయానిదో, లోపల ఇంకెవరైనా ఉన్నందుకో...

రేపు గ్లాసు అందిస్తే చేయి చాచను. "ఏందే?" అని అత్తమ్మ అడుగుతుంది. ఈసారి నన్నే అడుగుతుంది కాబట్టి, చెప్పగలనేమో.