నేను పసుపు పెట్టని చొక్కా

ఆగస్టు 4, సోమవారం

కూరగాయలకని పొద్దున్నే మా ఆయన స్కూటీ తీశాను. సంచీ పెడదామని డిక్కీ తెరిస్తే డ్రై క్లీనింగ్ కవరు. అందులో ఒక చొక్కా. నీలం రంగు లినెన్. ఫుల్ హ్యాండ్స్, చైనీస్ కాలర్.

మా ఆయన హేమసుందర్‌కి ఇలాంటి చొక్కా లేదు. ఆయనకున్న ప్రతి చొక్కా నాకు తెలుసు. అన్నీ ఎవరో ఒకరు పెట్టిన బిట్లే. గృహప్రవేశాల్లో పెట్టినవి, పెళ్ళిళ్ళలో పెట్టినవి. మంచివి పెట్టెలో దాచి మళ్ళీ ఎవరికైనా పెడతాను. మిగిలినవి తిరుపతిరావు దగ్గర ఆయనకి కుట్టిస్తాను. టెర్రికాటన్ గళ్ళు, చారలు, హాఫ్ హ్యాండ్స్, ఒక జేబు. చేపల యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మనిషికి అంతకన్నా ఏం కావాలి?

తిరగేసి చూశాను. కింది అంచు లోపల పసుపు మరక. ఉతికినా పూర్తిగా పోలేదు.

మా ఇంట్లో పసుపు పెట్టకుండా కొత్త బట్ట ఎవరూ వేసుకోరు. పెట్టేది నేనే. దీనికి నేను పెట్టలేదు. మగాళ్ళు పసుపు భరిణె ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. అంటే ఎవరో ఒకావిడ పెట్టింది.

కవరు ఎలా ఉందో అలాగే పెట్టేశాను. బెండకాయలు తేవడం మర్చిపోయాను.

ఆగస్టు 5, మంగళవారం

డిక్కీ ఖాళీ.

ఆగస్టు 8, శుక్రవారం, రాత్రి

వరలక్ష్మీ వ్రతం. నోరు కథ చదువుతోంది, మనసు డిక్కీలో ఉంది. అమ్మవారు క్షమించాలి.

సాయంత్రం ఆయన హనుమాన్ జంక్షన్ యార్డు నుంచి వచ్చారు. ప్రసాదం ఇచ్చే నెపంతో దగ్గరికి వెళ్ళాను. చొక్కాకి చేపల వాసన. మెడకి సబ్బు వాసన. ఒక్క మనిషికి రెండు వాసనలేంటి? అక్కడే ఎక్కడో స్నానం చేశారన్నమాట. చేసిన మనిషి మళ్ళీ ఆ నీచు చొక్కా ఎందుకు తొడుక్కున్నట్టు? నాకు తెలియకూడదనే.

ఏంటే అలా వాసన చూస్తున్నావు అన్నారు. అగరొత్తి ఆరిపోయిందేమోనని అన్నాను.

బందరులో ఉన్న మా చెల్లెలు దుర్గకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఈ వయసులో లినెన్ అంటే ఇంకేముంటుందే అక్కా, బావని నిలదీసెయ్ అంది. నిలదీస్తే, అవును ఉంది అంటారేమో. ఆ మాట వినే ధైర్యం నాకు లేదు.

ఆగస్టు 11, సోమవారం

జాకెట్టు వంకతో తిరుపతిరావు షాపుకి వెళ్ళాను. సారు ఈమధ్య ఏమైనా కుట్టించుకున్నారా అని అడిగాను. లేదమ్మా, అప్పుడెప్పుడో ఫుల్ హ్యాండ్స్ పెట్టమన్నారు, మీరే గుడ్డ దండగని వద్దన్నారు కదమ్మా అని నవ్వాడు. నాకు గుర్తు లేదు. నేనడిగిందేంటి, అతను చెప్పేదేంటి!

ఆగస్టు 13, బుధవారం

మళ్ళీ కవరు. ఈసారి తెల్లటి కాటన్, మీద చిన్న చిన్న ఆకుల ప్రింటు. పసుపు మరక అదే చోట, కింది అంచు లోపల. నేనెక్కడ పెడతానో సరిగ్గా అక్కడే. ఎవరీవిడ? మా ఆయన్ని తీసుకుంది చాలక నా పద్ధతి కూడా తీసుకుందా?

యార్డులో కంప్యూటర్ ముందు కూర్చునే క్రిస్టినా మీదికి పోయింది అనుమానం. కానీ వాళ్ళు కొత్త బట్టలకి ప్రార్థన చేసుకుంటారు గానీ పసుపు పెట్టరు. ఆ అమ్మాయి కాదంటే నాకు తెలియని ఇంకో మనిషి. అది ఇంకా భయం.

రాత్రి ఆయన హాయిగా గురక పెట్టారు. నాకు ఒళ్ళు మండింది.

ఆగస్టు 17, ఆదివారం

రేపు యార్డుకి వెళ్తాను. అక్కడ ఆడమనిషి ఉన్నట్టు తేలితే ఇక భవానీపురంలో మా ఇంటికి రాను. అటునుంచి అటే బందరు వెళ్ళిపోతాను. సంచీలో రెండు చీరలు పెట్టుకున్నాను.

ఆగస్టు 18, సోమవారం

వెళ్ళాను. చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం బస్సులో వెళ్ళాను.

ఆయన దూరంగా లారీ దగ్గర ఉన్నారు, గళ్ళ చొక్కాలో, మోకాళ్ళదాకా బురదతో. నన్ను చూడలేదు. క్రిస్టినా లేచి, రండి మేడమ్, కూర్చోండి, సార్ని పిలవనా అండీ అంది. వద్దన్నాను. లోపలి గది తలుపు తోశాను. తలుపు వెనక కొక్కేలకి చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. నీలం లినెన్. ఆకుల కాటన్. ఒక వంకాయ రంగుది, పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంది. రెండు జేబులది ఒకటి. కిటికీ దగ్గర సబ్బు పెట్టె, దాని పక్కన పసుపు పొట్లం.

ఎవరు పెడతారమ్మా పసుపు అన్నాను.

సారేనండి అంది. కొత్తది కొన్నప్పుడల్లా ఆ మూల నిలబడి పెట్టుకుంటారండి. ఇదెందుకు సార్ అంటే, మా ఆవిడకి పట్టింపమ్మా, పసుపు లేకుండా వేసుకున్నానని తెలిస్తే దిగులు పడుతుంది అంటారండి.

వేసుకుని ఎక్కడికెళ్తారు అని అడిగాను. ఇదే అసలు ప్రశ్న. దీనికోసమే చీరలు సర్దుకుని వచ్చాను.

ఎక్కడికీ వెళ్ళరండి అంది. లోడు పంపేశాక పంపు దగ్గర స్నానం చేసి, ఒకటి వేసుకుని, బయట కుర్చీలో కూర్చుని టీ తాగుతారండి. కాసేపు అలా ఉండి, మళ్ళీ పాత చొక్కా మార్చుకుని ఇంటికెళ్ళిపోతారండి. అంతేనండి.

నేను వచ్చినట్టు చెప్పొద్దని బతిమాలి బయటికొచ్చేశాను.

బస్సులో ముందు కోపమొచ్చింది. ఇంట్లో వేసుకుంటే నేనేమంటాను? తర్వాత, ఏమంటానో నాకే వినిపించింది. పెట్టె నిండా బిట్లు మూలుగుతుంటే ఇంత పోసి కొన్నారా అంటాను. తెల్లది యార్డుకేంటి అంటాను. ఆ వంకాయ రంగుదైతే మడత విప్పనివ్వను, ఎవరికైనా పెట్టడానికి బాగుంటుందని దాచేస్తాను.

ఇంకో ఆడది లేదు. అందుకు సంతోషించాలి. సంతోషంగానే ఉంది. కానీ మా ఆయన కుర్చీలో కూర్చుని టీ తాగడం క్రిస్టినాకి తెలుసు, ఆ లారీ డ్రైవర్లకి తెలుసు, నాకు తెలియదు. ఇది కూడా తక్కువ బాధేం కాదు. భవానీపురం చేరేదాకా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆగస్టు 19, మంగళవారం

టిఫిన్ పెడుతూ, మీకు ఏ రంగు చొక్కా ఇష్టమండీ అని అడిగాను.

ఆయన చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది.

ఎవరికి పెట్టాలి అని అడిగారు.