గట్లు వేసిన తెర

మావయ్యగారూ,

ఫోనులో అయితే మధ్యలోనే కోప్పడతారని రాస్తున్నానండి. ఐ.పోలవరం రొయ్యల చెరువుల దగ్గరున్న పాత కంప్యూటరులో, లినక్స్ మీద విండోలను పలకల్లా పేర్చే టైలింగ్ విండో మేనేజర్ వేసి పది రోజులు చూశాను. చాలా తేలిక, ఒక్కసారీ ఆగలేదు. మౌస్ బదులు కీబోర్డు మీటలు అలవాటు చేసుకోవాలి, అంతే. నాలుగు చెరువుల ఆక్సిజన్ అంకెలూ గట్లు వేసినట్టు పక్కపక్కనే ఉంటాయి. ఏ విండో ఇంకోదాన్ని కప్పదు. ధైర్యంగా ఇదే ఉంచెయ్యండి.

ఆక్సిజన్ పడిపోయి మూడో చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోయిన రోజు కాపలా అయ్యప్ప “అంకెలు కనపళ్ళేదండి బాబూ” అన్నాడు. అది నిజమే. వాటి మీద క్రికెట్ విండో తెరిచి భోజనానికి వెళ్ళింది నేను. మీరు అతన్ని పనిలోంచి మాన్పిస్తుంటే పక్కనే నిలబడి ఊరుకున్నాను.

రేపు అతన్ని తీసుకొచ్చి ఈ తెర ముందు కూర్చోబెడతాను. తర్వాత నన్ను మాన్పించినా సరేనండి.

మీ మేనల్లుడు