పర్మిట్టు లేని పడుగు

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నూలు మీద కంట్రోలు ఎత్తేశారు. మిల్లు నూలు అంగడికి పోయి నేనే కొనుక్కొచ్చినాను, ఎవరికీ దండం పెట్టలేదు. పొద్దున్నే ఈ అరవదేశంలో మన నేతగాళ్ల వీధి పొడుగునా పడుగు దారాలు సాచి, గంజి పెట్టి ఎండకు ఆరబెట్టినాం. వాడుక ప్రకారం ఇంటికొకరు వచ్చి చెయ్యి వేశారు.

నూలు పర్మిట్టుకు లంచం ఇవ్వనని నువ్వు మగ్గాన్ని ఖాళీగా పెట్టుకున్నప్పుడు అమ్మతో సహా అందరూ నిన్ను పిచ్చోడన్నారు. "పర్మిట్లు రాసే ఆ కుర్చీలో మంచోణ్ణి కూర్చోబెడితే చాలదు కణ్ణూ, కుర్చీకే పని లేకుండా పోవాల" అనేవాడివి. ఆ మాట పట్టుకునే కాలేజీలో అయ్యవార్లతో తగువులాడుతున్నాను. ఇంకా ఓడిపోలేదు.

ఇన్నాళ్లూ పర్మిట్లు ఇప్పించిన పార్టీ మనిషి ఈ పూట వచ్చి, "ఎవర్ని అడిగి వీధిలో పరిచినారు?" అని గద్దించాడు.

అమ్మ పడుగు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఎండని అడిగినాం తంబీ. సరేనంది."

వీధంతా గొల్లుమంది. ఆ మనిషి పడుగు తొక్కకుండా గోడవారగా నడిచి పోయాడు నాయనా.